రెండు డజన్ల గ్లాసులు

పదకొండేళ్ళు నాకప్పుడు.
మామయ్య హోటల్లో గ్లాసులు కడిగేవాణ్ణి,
లోపలి గ్లాసులు.
చూరులో దోపిన ఆ రెండూ వేరు.
తాగినవాళ్ళే తీసుకోవాలి, తాగినవాళ్ళే కడిగి దోపాలి.
మేం పైనుంచి పోసేవాళ్ళం
కెటిల్ మూతి తగలకుండా, ధార తెగకుండా.
ఆ ఒడుపు నాకు తొందరగా వచ్చిందని
మామయ్య నలుగురికీ చెప్పుకునేవాడు.

ఒక సోమవారం
పొన్నూరు బస్సు దిగి ఒకావిడ లోపలికొచ్చింది.
ఇస్త్రీ చీర, గొడుగు, మడిచిన అపాయింట్‌మెంటు కాయితం.
టీ అడిగింది. ఇచ్చాను.
సగం తాగాక మామయ్య అడిగాడు,
"ఎవరమ్మాయివి?"
"దాసరిపోగు జకరయ్య కూతుర్ని.
బడికి కొత్త టీచర్ని."

బెంచీలు వాటంతటవే ఖాళీ అయ్యాయి.
ఆవిడ మాత్రం తాగడం మానలేదు.
తీరిగ్గా ముగించి, తొట్టి దగ్గర తనే కడిగి
మిగతావాటి మధ్య బోర్లించింది.
అటు నాలుగు జరిపి ఇటు నాలుగు జరిపి
"ఏది నాదో వెతుక్కోండి" అని
బడిగంట వేళకి వెళ్ళిపోయింది.

రాత్రి మామయ్య
ఒక్కో గ్లాసూ లాంతరు ముందు పెట్టి చూశాడు.
వాసన చూశాడు.
ఇరవై నాలుగు. అన్నీ ఒకటే గాజు.
చివరికి గోనెసంచిలో వేసి రోకలితో బాదాడు.
పెంకులు ఎత్తింది నేను.
ఇదిగో, బొటనవేలి మీద ఈ గీత అదే.

•

గుంటూరు, బ్రాడీపేట, నాలుగో లైను.
మా అపార్ట్‌మెంట్లోనే, రెండో అంతస్తులో ఎస్తేరు టీచరు.
ఏడేళ్ళుగా లిఫ్టులో నమస్కారం పెడుతున్నాను.
ఆ కుర్రాణ్ణి నేనేనని ఒక్కరోజూ చెప్పలేదు.

ఆవిడ వెనకగదిలోకి తవోంగా వచ్చాడు,
మలావీ నుంచి, ఫార్మసీ చదవడానికి.
అతన్ని చూసి పదకొండు టు-లెట్ బోర్డులు
లోపలికెళ్ళిపోయాయట.
నీ పేరుకి అర్థమేంటని అడిగితే
"మేం కృతజ్ఞులం" అన్నాడట.
"మా పేటలో అయితే స్తోత్రమయ్యా అనేవాళ్ళురా" అని
టీచరు ఇప్పటికీ అలాగే పిలుస్తుంది.
అతను మొక్కజొన్న సంకటి కెలికితే
ఆవిడ గోంగూర నూరుతుంది.
వాసన మూడో అంతస్తు దాకా వస్తుంది.
గోంగూర వాసన గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

కాయితం తిరిగింది.
'పిల్లలు జడుసుకుంటున్నారు. ఖాళీ చేయించాలి.'
మూడో సంతకం నాది.
ఎందుకు పెట్టావంటే ఏం చెప్పను?
రెండు ముందే ఉన్నాయి. పెన్ను చేతికిచ్చారు.
పైనుంచి పోసే ఒడుపు
చెయ్యి మర్చిపోదు.

ఆదివారం సెల్లార్లో మీటింగు.
డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి కర్ర పొడుచుకుంటూ వచ్చింది.
రాజ్యాంగం చదువుతుందనుకున్నాం.
"ఆ పిల్లాడితో మీలో ఎవరు మాట్లాడారు?" అంది.
రోజూ అతనితో బీపీ చూపించుకునే సూర్యకాంతం గారు
చెప్పుల వైపు చూసుకున్నారు.
"అంతా మీ మంచికేనండీ" అన్నాడు సెక్రటరీ.
"ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఇరవై రెండు" అని
టీచరు కుర్చీలో కూలబడింది.
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు,
"ఆ హోటల్లో ఓ పిల్లాడుండేవాడు.
నేనెవరో అడక్కుండా టీ ఇచ్చాడు.
ఏ ఊళ్ళోనైనా అలాంటివాడు ఒక్కడుంటే
ఉద్యోగం చేసుకోవచ్చు."

నేను బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాను.

•

వారం పట్టింది ఆ తలుపు కొట్టడానికి.
టీచరు చర్చికెళ్ళింది.
తవోంగా తీశాడు.
కూచోమన్నాడు.
నేనెవరో అడక్కుండా
టీ ఇచ్చాడు.

తాగి, సింకు దగ్గర గ్లాసు కడిగి
మిగతావాటి పక్కన బోర్లించాను.
చెప్పాల్సింది మాత్రం ఇంకా చెప్పలేదు.
ఆ కాయితం ఫైల్లోనే ఉంది.
నా పేరు కొట్టెయ్యమందామని వెళ్తే
సెక్రటరీ ఊరెళ్ళాడన్నారు.