రబ్బరు బిళ్ళ

మూడు రాత్రులుగా కారుతోంది ఫ్లష్ టాంకు.
ప్లంబరు అప్పలకొండ ఫోనులో
"రేపొస్తానమ్మా" అంటాడు,
అతని రేపు మాత్రం మల్కాపురం దాటి రాదు.

నీళ్ళు కట్టేసి, పింగాణీ మూత ఎత్తి
మడతేసిన పాత తువ్వాలు మీద పెట్టాను
పురిటిబిడ్డని పడుకోబెట్టినంత జాగ్రత్తగా.
లోపల ఇంతేనా?
ఓ బంతి, ఓ కడ్డీ, ఓ గొలుసు,
అడుగున నల్లగా ఉబ్బిన రబ్బరు బిళ్ళ.
ఇన్నేళ్ళూ దీనికా నేను భయపడింది!

నట్టుని ఉప్పుగాలి పట్టేసింది.
రెంచి జారి వేలి కణుపు గీసుకుపోయింది.
"కొబ్బరినూని ఎయ్యి. సుట్ట కాల్చినంతసేపు ఆగు"
అంది అత్త పైడితల్లి గుమ్మంలోంచి,
ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని,
టార్చి మాత్రం సరిగ్గా పట్టుకుని.
ఆగాం.
హార్బరులో ఏదో ఓడ కూసింది.
నట్టు కదిలింది.

పూర్ణా మార్కెట్ వెనక కొట్టువాడు
పాత బిళ్ళని వేళ్ళ కొసలతో తిప్పి చూసి
"మగోళ్ళెవరూ లేరా ఇంట్లో?" అన్నాడు.
"ఉన్నాడు. సైజు మాత్రం నాకు తెలుసు."
ఇరవై అయిదు రూపాయలు.

బిగించాను. నీళ్ళెక్కాయి, బంతి లేచింది,
గీత దగ్గర ఆగిపోయింది.
అత్త చెవి దగ్గర పెట్టి వింది.
కంచరపాలెం వీధి కుళాయి దగ్గర
రాత్రి మూడింటికి లేచి బిందె వరసలో పెట్టిన మనిషి.
"ఎన్ని బిందెల్నీళ్ళు పోనాయే, మూడు రాత్రులకి?"
నేను లెక్క చెప్పలేదు.

చేతులు నాలుగుసార్లు కడుక్కున్నాను.
తర్వాత, అవసరమేమీ లేకపోయినా,
ఒక్కసారి మీట నొక్కి చూశాం
ఇద్దరం.