కత్తిముడి

బాబామెట్టలో మా ఇంట్లో
దేవుడి గూటికి ఎదురు గోడన
నాలుగు కత్తులున్నాయి. ఒక్కటీ తెగదు.
మా ఆవిడ ఓసారి ఉల్లిపాయ మీద పెట్టి చూసి
"ఇవేటికి మరి?" అని
కత్తిపీట ముందేసుకుంది.

జర్మనీ పోలీసు దొరలవి.
కవాతు నాడు నడుముకి వేలాడ్డానికే పుట్టినవి.
నల్లటి పిడి, దానికి చుట్టిన వెండి తీగ,
తీగల మధ్య రెక్కలు చాపిన గద్ద.
గద్ద కాళ్ళ కింది గుర్తుని
ఎవరో ఆకురాయితో అరగదీశారు.
సిగ్గుపడి అరగదీశాడో,
అమ్ముడవదని అరగదీశాడో,
ఇనుము చెప్పదు.

ముప్పై ఒక్కేళ్ళు పోలీసు ఆర్మరీలో
తాళాల గుత్తి మోసినవాణ్ణి.
రిటైరయ్యాక చేతులకి నూనె వాసన లేక
నిద్ర పట్టేది కాదు.
విశాఖ పాత పోర్టులో ఓడల తుక్కమ్మే జలాలుద్దీన్
మొదటి కత్తిని తూకానికి ఇస్తానన్నాడు,
నా కళ్ళు చూసి మాట మార్చాడు.
అలా మొదలైంది.

నాలుగో కత్తికి ముడి ఉంది.
చూడ్డానికొచ్చినవాళ్ళు కత్తి నిడివి అడుగుతారు, వెల అడుగుతారు.
ముడి సంగతి ఎవరూ అడగరు.
వెండి జరీ పట్టీ, అంచున నల్లదారం,
కింద కాయలాంటి కుచ్చు.
ఏ దేశపు ఎలుకో సగం కొరికేసింది.

న్యూస్ పేపర్లో చుట్టి
పలాస పాసింజరెక్కి పొందూరులో దిగాను.
రాట్నం ముందు కాంచనమ్మ.
"ఇదేటి బాబూ, పోకకాయా?"
ఓక్ చెట్టు కాయట, అన్నాను.
"ఆ చెట్టు నానెరగను" అని
వాలుగ చేప దవడ తీసి
చిక్కుపడ్డ వెండి పోగుల్ని దువ్వింది,
పత్తిని దువ్వినంత నిమ్మళంగా.
"పేట ఎడమకి తిరిగింది.
ఎవుత్తో గానీ, మంచి చెయ్యి."

నేనెప్పుడూ వాడి గురించే అనుకున్నాను,
తొడుక్కున్నవాడి గురించి.
పేనిన మనిషి ఉందని తట్టలేదు.

"ఈ ముడి దేనికి?"
చేతిలోంచి జారకుండా మణికట్టుకి తగిలించడానికి.
పూర్వం యుద్ధాల్లో. తర్వాత్తర్వాత అందానికి.
"పదును లేదంటివి కదా.
జారితే ఏటవుద్ది?"

నా దగ్గర జవాబు లేదు.
జూట్ మిల్లు గేటు గుర్తొచ్చింది.
కొత్త కానిస్టేబుల్ని, ఆర్మరీలో ఇంకా పడలేదు.
నా లాఠీకీ ఒక తోలు వార ఉండేది.
నూనూగు మీసాల కుర్రాడొకడు
గోనెసంచి తలకి అడ్డం పెట్టుకున్నాడు.
నా వేళ్ళు వదిలేశాయి, ఒట్టు.
లాఠీ మాత్రం పడిపోలేదు.
వార పట్టుకునే ఉంది.
మళ్ళీ పిడికిట్లోకి వచ్చింది.
ఇది కాంచనమ్మకి చెప్పలేదు.
నీళ్ళు అడిగి తాగాను.

వారం పోయాక వెళ్తే ముడి సిద్ధం.
ఎలుక తిన్నచోట తెల్లటి నూలు.
"వెండి నాకాడ నేదు బాబూ, ఉన్నదెక్కించాను."
డబ్బులిస్తే లెక్కపెట్టి
పదిరూపాయలు తిరిగిచ్చింది.

కలకత్తాలో నాలాంటి పిచ్చివాడే ఇంకొకడున్నాడు.
ఫొటో పంపితే ఫోన్లో అరిచాడు,
నూలు కలిసిన ముడికి చిల్లి గవ్వ రాదు, పాడుచేశావు, అని.
అవునన్నాను.

కత్తి ఒక మేకుకి, ముడి ఒక మేకుకి
వేరువేరుగా తగిలించాను.
మా ఆవిడ దుమ్ము దులుపుతూ
ముడిని మాత్రం మెత్తగా తుడుస్తుంది.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో లేచి, తడుముకుని,
ఒకసారి చేతికి తొడిగి చూశాను.

కొలత సరిపోయింది.