వెంటిలేటర్

ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల
ఒంటి కొమ్ము రౌటర్ దొరికింది.
రెండో కొమ్ము ఎవరింట్ల ఇరిగిందో.
"నడుస్తదా?" అంటే
"నడవకుంటే తూకానికేస్తుంటి గదమ్మా" అన్నడు.
మూడొందల యాభై. అడాప్టరు వేరే, దానికి అరవై.
ఏడు చీరెలకు ఫాల్ కుట్టిన పైసలు,
పది రూపాయలు మిగిలినయి.
జీరో టికెట్ పట్టుకొని బస్సుల కూసున్న.
సంచిల నుంచి ఆ కొమ్ము
పక్కామె మోచేతికి గుచ్చుకుంటనే ఉన్నది.

ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టంగనే
ఫోన్ల ఓ పేరు లేచింది:
సాయికృప లేడీస్ హాస్టల్.
ఏ గల్లీల హాస్టలో, ఏ ఊరి పిల్లలో,
దీని కింద పండుకొని
ఎన్ని రాత్రులు ఎవరితోని మాట్లాడిన్రో.
ఎనక చిన్న బొక్క ఉన్నది,
పది లెక్కపెట్టేదాంక పొడవాలన్నది నవనీత.
మిషన్ డబ్బాల నుంచి
పద్నాలుగో నంబరు సూది తీసిన.
ఎనిమిదికి చెయ్యి వణికింది.
తొమ్మిది. పది.
హాస్టలు ఖాళీ అయ్యింది.

వారాసిగూడల మాది డంగు సున్నం ఇల్లు.
గోడ మూరెడు మందం.
ఎండాకాలం వేడి రాదని
ఓనరు మూడొందలు కిరాయి ఎక్కువ తీసుకుంటడు.
ఇప్పుడెరుకైంది, ఇంకేది గూడ రాదని.
టీవీ పక్కన పెడితే వంటింట్ల ఒక్కటే గీత.
ఫ్రిజ్ మీద పెడితే
"ఇనుము మింగుతదే అమ్మా" అని బిడ్డ నెత్తి కొట్టుకున్నది.
బీరువా మీద పెట్టిన. అదీ ఇనుమేనాయె.
బియ్యం డబ్బా మీద కొంచెం నయం,
కానీ అన్నం వండినప్పుడల్లా ఇంటర్నెట్ దించాలె.
ఆఖరికి దేవుని గూట్ల పెడితే
మిణుకుమనే పచ్చ లైట్లకు
మా అత్తమ్మ తెలియక దండం పెట్టింది.

నాకేమో మిషన్ కాడ కావాలె.
దారం రంగు వీడియోల చూపియ్యకుంటే
గిరాకి ఇంకో గల్లీకి పోతది.
నెలకు ఐదొందల తొంభై నేనొక్కదాన్నే ఎట్ల కట్టాలె?

"అటు పోర్షన్ ఇమాద్
రోజూ రాత్రి మేడెక్కి ఫోన్ పైకెత్తుకొని నిలబడుతుండు"
అన్నది నవనీత, నా దిక్కు చూడకుండ.

అటు పోర్షన్‌కు ఇటు పోర్షన్‌కు నడుమ
ఒక్కటే వెంటిలేటర్.
నిరుడు బోరు మోటర్ కాలింది. రిపేరు ఆరొందల ఎనభై.
సగమంటే మూడొందల నలభై.
నీళ్లు మీరే ఎక్కువ పడతరని నేను,
చుట్టాలు మీకే ఎక్కువొస్తరని కౌసర్ బేగం.
తెల్లారి అటు దిక్కు నుంచి అట్ట కొట్టిన సప్పుడైంది.
ఇటు దిక్కు నేను పాత క్యాలెండర్ కొట్టిన.
మేకులు నావి రెండెక్కువే.

పిల్లలే మాట్లాడుకున్నరు.
పిల్లలే స్టూలెక్కి మేకులు గుంజిన్రు.
క్యాలెండర్ రాలింది, అట్ట రాలింది,
ఏడాది దుమ్ము నా కుట్టుబట్టల మీద పడ్డది.
ఖట్టీ దాల్ పోపు వాసన ముందొచ్చింది,
సిగ్నల్ ఆ తర్వాత.
రెండు దిక్కులా నిండ గీతలు.

"పాస్‌వర్డ్ ఏం పెడ్దం ఆంటీ?" అన్నడు ఇమాద్ బొక్కలకెంచి.
నేనేం అనలే.
అవతల గంటె గిన్నెకు తగిలిన సప్పుడు, ఆగింది.
"మోటర్ తీన్ సౌ చాలీస్" అన్నది కౌసర్.
నవ్వుకుంట అన్నదో, పొడుచుకుంట అన్నదో
గోడకీవల ఉన్నదాన్ని, నాకేం తెలుసు?
అదే పెట్టిన్రు.
ఇంటికొచ్చినోళ్లు ఎవరడిగినా
మా కొట్లాటే అంకెలతో సహా చెప్పాలె.
ఆ పైసలు ఎవరియ్యాల్నో ఇంకా తేలలే.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
మిషన్ ఆగింది, పచ్చ లైట్లు ఆరినయి.
చీకట్ల పైకెంచి గొంతు:
"మీ దిక్కు గూడ పోయిందా?"
"పోయింది" అన్న.
ఇద్దరిదీ ఒకటే మీటరని
ఇద్దరికీ ఎరుకే.