పాట ఆగితే లాగెయ్

కఖేతిలో మా వైన్ బానలు
మెడదాకా మట్టిలోనే ఉంటాయి.
ఏటా పంటకు ముందు
నడుముకి తాడు కట్టుకుని దిగేవాడు బాబువా,
చెర్రీ బెరడు కుంచెతో గోడలు తోమడానికి.

"పాట వినబడినంతసేపూ బాగున్నట్టే.
ఆగిందా, లాగెయ్."
నాకప్పుడు ఏడేళ్లు. తాడు కొస నా పిడికిట్లో.
శ్రుతి ఎప్పుడూ తప్పేవాడు, నానమ్మ నుత్సా చెవులు మూసుకునేది.
బానలో మాత్రం ఆ గొంతు
పదిమంది మగాళ్లది.

ఒకసారి దగ్గొచ్చి ఆగాడు.
బలమంతా పెట్టి లాగాను.
చెప్పు ఒకటి అడుగునే ఉండిపోయింది.
ఆ చెప్పు కథ ప్రతి పెళ్లిలోనూ గ్లాసెత్తి చెప్పేవాడు,
చెప్పినప్పుడల్లా నా బలం ఇంకాస్త పెంచి.

ఫిబ్రవరిలో, తెలవీ ఆసుపత్రిలో
పాట ఆగింది.
నా చేతిలో తాడు లేదు.
సెలైన్ గొట్టం ఉంది.

ఇవాళ నేను దిగాను.
తడి మట్టి వాసన, పాత పులుపు.
పైనుంచి తమ్ముడు ఒతియా అరుస్తున్నాడు:
"అక్కా, పాడు! పాడవేం?"

నాకు మొదటి చరణమే వచ్చు.
అదే మళ్లీ, అదే మళ్లీ,
ఆయన తప్పిన చోటే తప్పుతూ.

ఒతియా,
తాడు కొంచెం వదులు చెయ్యరా.
ఇంకాసేపు ఉంటాను.