మొప్ప

తెల్లారితే గోపాల్‌పూర్‌లో పరీక్ష.
పేర్లు ఇంగ్లీషులో, ప్రశ్నలు ఒడియాలో,
నా నోట్లో మటుకు మనింటి తెలుగే.

గుమ్మంలో వల కుడుతూ ఎరకమ్మత్త అడిగింది:
ఏటది, ఇన్ని తోకలు?

రెగ్యులేటరత్తా.
ఇది ఫస్ట్ స్టేజి, సిలిండరు మెడ పట్టుకుంటాది.
లోపల గాలి కోపమ్మీదుంటాది,
ఇక్కడికొచ్చి సగం దిగుతాది.
ఇది సెకండ్ స్టేజి,
నువ్వు పీల్చినంతే ఇస్తాది.
"మీ తాతలాగన్నమాట."

డయాఫ్రం విప్పి చూపించాను.
అరచేతంత పొర,
ఊపిరి లాగితే లోపలికి వంగుతాది.
"డప్పు తోలు."
ఎగ్జాస్ట్ వాల్వు?
"వదిలే గాలికి తలుపా? మొప్పను."

పసుపు గొట్టం ఆక్టోపస్,
పక్కోడికి గాలైపోతే ఇయ్యడానికి.
దీనికి పేరు పెట్టలేదు.
సూది ఆగింది.
"మీ మావ దిగిన్నాడు పక్కనెవరున్నార్రా"
అంది, నాతో కాదు,
గొట్టంతో.

ఆఖర్న ఓ-రింగు.
చిటికెనవేలి ఉంగరమంత నల్ల రబ్బరు.
ఇది చిట్లితే మిగిలినవన్నీ ఉత్త పేర్లే.
"ఓ అంటే?"
ఏమో.
తెప్ప కనపడకపోతే
ఒడ్డు మీంచి నువ్వు పెట్టిన కేకేమో.

పొద్దున్న బెహరా సారు
వాల్వు మీద పెన్నుతో తట్టి
"ఎయిటా కొణొ?" అన్నాడు.
మొప్ప, అనేశాను.
వెనక వరసలో మనోళ్లు కిసుక్కుమన్నారు.
సారు తలెత్తలేదు,
కాయితమ్మీద ఏదో రాసుకున్నాడు.

నీళ్లలో ఎలాగూ
ఏ పేరూ పలకలేం.
పళ్ల మధ్య రబ్బరుంటాది.