గుణింతం లేని ద

పోతీ రేవులో వాన ఆగదు.
రేకు మీంచి మెట్ల మీదికి, మెట్ల మీంచి చెప్పుల్లోకి,
చెప్పుల్లోంచి ఇంట్లోకి.
దానికున్నన్ని మాటలు మా ఉచాకి లేవు.
మూడేళ్ల ఎనిమిది నెలలు.
నోటుపుస్తకంలో పదకొండు.

"బు" అంటే ఓడ, లారీ, ఫ్రిజ్, కోపం.
"తా" అంటే తలుపు తియ్యి. తలుపు వెయ్యి అని కూడా.
"మామ" అంటే ఇక్కడ నాన్న.
ఆ నాన్న సూయజ్ దగ్గరెక్కడో
ఓడ అడుగున యంత్రాలకి గ్రీజు పూస్తుంటాడు.
వాడు ఫోనుకే చెప్తాడు మామ అని,
ఫోను ఆరిపోయాక కూడా.

అమ్మని దెదా అంటాం.
అమ్మలు పిల్లల్ని పిలిచేదీ ఆ మాటతోనే:
రా దెదా, తిను దెదా, పడుకో దెదా.
రోజుకి వందసార్లు నా పేరు వాడి చేతిలో పెట్టాను.
ఒక్కసారీ తిరిగివ్వలేదు.

మగపిల్లలకి ఆలస్యమే, అంది ఎదురింటావిడ.
నేను నాలుగేళ్లకి నోరు విప్పాను,
ఇప్పుడెవరైనా మూయించగలరా? అంది చేపలమ్మే గూలీకో.
(నిజమే. ఎవరివల్లా కాలేదు.)
కుతాయిసీలో చెవులు చూశారు. బాగున్నాయి.
డాక్టరు తలెత్తకుండా అడిగాడు,
ఇంట్లో ఎన్ని భాషలు?
రెండు. నాది జార్జియన్, అత్తగారిది మెగ్రెలియన్.
ఒకటి తీసేయండి అన్నాడు,
పులుసులో పచ్చిమిరపకాయ తీసేయమన్నట్టు.

ఏదని నేనడగలేదు.
బడి ఏ భాషలో ఉంటుందో ఇద్దరికీ తెలుసు.

జుజునా అత్తయ్య విని తలూపింది.
మర్నాటి నుంచి మనవడికి
జొన్నపిండి ముద్ద పెట్టేది, మాట పెట్టేది కాదు.
జార్జియన్ రాక కాదు.
బ్యాంకులో, పింఛను ఆఫీసులో గడగడా మాట్లాడుతుంది.
దాంతో పసివాణ్ణి జోకొట్టడమంటే
బూట్లతో మంచమెక్కినట్టుంటుందట.

నలభై రోజులు
మా ఇంట్లో మాట్లాడనివాళ్లు ఇద్దరు.
వాడు ఆమె ఒళ్లో కూర్చుని పెదాలకేసే చూసేవాడు.
ఒకనాడు వేలితో తెరిచి
లోపలికి తొంగి చూశాడు.
ఇది నోటుపుస్తకంలో రాయలేదు. రాసే గడి లేదు.

సియాలా అని, మాటలు నేర్పే అమ్మాయి,
కారుతున్న గొడుగుతో వచ్చి నేల మీద కూర్చుంది.
అరగంట ఏమీ నేర్పలేదు.
వాడు లారీ తోస్తే "బు" అంది.
వాడు ఆగాడు. ఆమెని ఎగాదిగా చూశాడు.
ఇంకాస్త గట్టిగా తోశాడు.
వెళ్తూ వెళ్తూ, గుమ్మంలో, గొడుగు విప్పుతూ చెప్పింది:
రెండో భాష వల్ల ఎవరికీ మాట ఆలస్యం కాదు.
వాడికి మాటలు ఇంకా కావాలి, తక్కువ కాదు.
పెద్దావిణ్ణి మాట్లాడనివ్వండి.

నేను లోపలికొచ్చి చెప్పేలోపే
వంటింట్లో మొదలైంది అత్తయ్య.
ఉల్లిపాయతో, కుండతో, వానతో,
పోయిన మామగారితో ఒక పాత తగువు,
ఆఖరికి వాడితో,
వాడితోనే, పొయ్యి మీద పాలు పొంగినా ఆపకుండా.

అద్భుతాలేం జరగలేదు.
మార్చికి పదకొండు పద్నాలుగైంది.
అందులో ఒకటి మళ్లీ పోయింది. "పిల్లి". ఎందుకో తెలీదు.

నిన్న దీపం ఆర్పాక,
వెనక చిత్తడిలో కప్పలు గోలపెడుతుంటే
దుప్పట్లోంచి చెయ్యి చాపి నా గడ్డం పట్టుకుని
"ద" లాంటిదేదో అన్నాడు.
దెదానా?
అత్తయ్య భాషలో అమ్మ దిదా.
ద తర్వాత ఏముందో కప్పలు విననివ్వలేదు.
మళ్లీ అనమని అడగలేదు నేను.
అడిగితే మూసుకుంటాడు, నత్తలా.

పొద్దున్నే పుస్తకం తీశాను.
మాట. తేదీ. ఏ భాష.
మూడో గడి ఖాళీగా వదిలేశాను.
అత్తయ్య నా భుజం మీంచి వంగి
కళ్లజోడు లేకుండానే చదివి,
అది మాదే, అంది మెగ్రెలియన్‌లో.
కింద లారీ మా కాళ్ల మధ్యనుంచి పోయింది.
బు.