ఎఫ్ నుంచి ఒకటి దాకా

ట్రోమ్సోలో నవంబరు నెలాఖరు.
సూర్యుడు జనవరి దాకా సెలవు చీటీ పెట్టి పోయాడు.
రేవులో ట్రాలర్ల ఇంజన్ల గురక.
చేపల పరిశోధనశాల నేలమాళిగలో
"తుక్కు కింద రాసేశాం, పట్టుకుపో" అన్నారు.
స్లెడ్జి బండికి కట్టి మంచులో లాక్కొచ్చాను
ఈ వ్యాక్స్‌ని.

టోర్బ్యోర్గ్‌ని పిలిచాను.
డెబ్బై మూడేళ్లు. హెర్రింగ్ చేపల లెక్కలు
ఏళ్ల తరబడి దీనికి ఒప్పజెప్పిన చేతులు.
కోటు విప్పకుండానే వంగి వాసన చూసింది.
"అదే," అంది. "కాలిన దుమ్ము."

స్విచ్చు నొక్కాను.
డిస్కు తిరగనని మొరాయించింది.
నన్ను పక్కకి జరిపి
పెట్టె డొక్కలో అరచేత్తో ఒక్కటిచ్చింది.
లోపలేదో ఉలిక్కిపడి లేచి, ఊళపెట్టి, కుదురుకుంది.

ఎఫ్... ఈ... డీ... సీ...
ప్రయాణానికి ముందు జేబులు తడుముకునే మనిషిలా
యంత్రం తన్ను తాను తడుముకుంటోంది.
అక్షరం పడకముందే ఆమె పెదాలు కదులుతున్నాయి.
"బీ దగ్గర ఆగుతుంది చూడు.
మెమరీ లెక్కపెట్టుకుంటుంది."
ఆగింది.
మొత్తం ముప్పై రెండు మెగాబైట్లు.
నా ఫోనులో పిల్లి వీడియో ఒక్కటి పట్టదు అందులో.

ఒకటి దాకా వచ్చి, మూడు బాణపు మొనలు చూపి
ఏం చెయ్యమంటావంది.
పాత డిస్కు జోలికి పోలేదు నేను.
గది అవతల లాప్‌టాప్ నుంచి సన్నటి తీగ గుండా
నెట్‌బీఎస్‌డీని
చెంచాతో గంజి పోసినట్టు పోశాను.

వరుస వెనక వరుస.
ఒంట్లో ఉన్నవన్నిటినీ పేరుపేరునా పిలుచుకుంది.
గడియారం దగ్గర మాత్రం గొణిగింది:
ఈ తేదీ నమ్మేలా లేదు, సరిచూడండి.
"నాకూ పొద్దున్నే అలాగే ఉంటుంది," అంది టోర్బ్యోర్గ్.

తర్వాత రహస్య తాళాలు చేసుకోవడానికి కూర్చుంది.
గంట. గంటన్నర.
ఈ కాలపు దొంగల కోసం
ఆ కాలపు కంసాలి ఉలి.
వాఫుల్స్ మీద గోధుమరంగు జున్ను వేసుకుని తిన్నాం.
రెండో కప్పు కాఫీకి ఆమె, నా వైపు చూడకుండా:

"ఒక ఏడాది లెక్క తప్పింది.
పడవలు బయల్దేరి వెళ్లాయి. వలలు ఖాళీగా లేచాయి.
మిషను తప్పిందని చెప్పాం.
తప్పింది నా వేలు.
ఒక సున్నా ఎక్కువ."

నేనేమీ అనలేదు.
తెర మీద లాగిన్ వెలిగింది.
ఆమె వేళ్లు అలవాటు కొద్దీ
పాత ఆజ్ఞ ఒకటి కొట్టేశాయి, డీ, ఐ, ఆర్.
దొరకలేదు, అంది కొత్త కాపురం.

"ఆ ఏడాది పట్టిక ఈ డిస్కులోనే ఉండాలి."
"ఉంటుంది. కానీ దీనికి ఆ లిపి రాదు."
డిస్కు సన్నగా తిరుగుతూనే ఉంది,
అన్నీ కడుపులో పెట్టుకుని.
చాలాసేపు విన్నది.
పాత వ్యవస్థ మళ్లీ ఎక్కిస్తే చదవొచ్చు, అన్నాను.
విననట్టే ఉండిపోయింది.

"తేదీ నేను సరిచేస్తాను," అంది చివరికి.
కళ్లజోడు తుడుచుకుని కుర్చీ ముందుకి లాక్కుంది.
ఒకే వేలితో కొట్టింది,
ప్రతి సున్నా దగ్గరా ఆగి,
వేలెత్తి,
తెర చూసుకుని.